గోనెసంచి మళ్ళీ తేవద్దు, నాలుగు నెలలు టైమ్ ఇవ్వండి

ప్రెసిడెంట్ గారికి, సెక్రటరీ గారికి, కమిటీలో ఉన్న అందరికీ నమస్కారం.

మొన్న ఆదివారం మీటింగ్‌లో లిఫ్ట్ ఏఎంసీ, బోరు మోటారు, పెయింటింగ్ కొటేషన్లు అన్నీ అయ్యాక చివర్లో "సెల్లార్‌లో పిల్లుల బెడద" అని ఒక పాయింట్ చదివారు కదా, పట్టేవాళ్ళని మళ్ళీ పిలుద్దాం, ఫ్లాట్‌కి రెండొందలు వేసుకుంటే సరిపోద్ది అన్నారు, చేతులెత్తమంటే చాలామంది ఎత్తారు. నేను లేచి మాట్లాడదాం అనుకునేసరికి గొంతు పట్టేసింది, అంతమందిలో ఏడిస్తే చెప్పే మాట ఎవరికీ వినపడదు అని కూర్చుండిపోయా. అందుకే ఇప్పుడు తీరిగ్గా కూర్చుని రాస్తున్నా. ఇది మన ఒక్క అపార్ట్‌మెంట్ సంగతి కాదు, మల్కాజ్‌గిరిలో ఉండే మా ఆడపడుచుని అడిగినా మియాపూర్‌లో ఉండే మా తమ్ముడిని అడిగినా హైదరాబాద్‌లో ప్రతిచోటా ఇదే కథ, అందుకే అందరూ చదివేలా పెడుతున్నా, మన అపార్ట్‌మెంట్ పేరు మాత్రం ఎక్కడా రాయట్లేదు.

ముందు పోయిన జూన్‌లో ఏం జరిగిందో చెప్పాలి, ఎందుకంటే ఇప్పుడున్న కమిటీలో సగం మంది కొత్తవాళ్ళు. అప్పుడు కూడా ఇలాగే ఎవరో ఇద్దరిని పిలిపించారు, వల ఒకటి, గోనెసంచులు నాలుగు తెచ్చారు, పొద్దున పదకొండింటికి, పిల్లలు స్కూళ్ళకీ పెద్దవాళ్ళు ఆఫీసులకీ పోయాక, ఆరు పిల్లుల్ని పట్టి మూతులు కట్టి ఆటోలో ఎక్కించుకుపోయారు. ఎక్కడ వదిలారని వాచ్‌మన్ అన్నని అడిగితే ఊరి బయట ఏదో చెరువు గట్టు అన్నాడు. ఆ ఆరింటిలో ఒకటి చుక్కమ్మ, తెల్లగా ఉండి నుదుటి మీద నల్ల చుక్క ఉండేది, మీలో చాలామంది చూసే ఉంటారు, బీ బ్లాక్ మెట్ల కింద ఎప్పుడూ పడుకుని ఉండేది. అది పదిహేను రోజుల బాలింత అని మాలో ఎవరికీ తెలీదు. పిల్లల్ని ఏ బ్లాక్ డక్ట్‌లో పైపుల వెనకాల పెట్టుకుంది.

ఆ రాత్రి నుంచి అరుపులు మొదలయ్యాయి. సన్నగా, ఎక్కడినుంచో తెలీకుండా, ఒకసారి పైనుంచి వచ్చినట్టు ఒకసారి గోడలోంచి వచ్చినట్టు. వాన పడుతుంది. రెండో రోజు సాయంత్రం ఫస్ట్ ఫ్లోర్ వాళ్ళ బాత్రూమ్ వెంటిలేటర్‌లోంచి టార్చ్ వేస్తే కనపడ్డాయి, నాలుగు కూనలు, నీళ్ళలో. డిగ్రీ చదివే సీ బ్లాక్ బాబు నడుముకి తాడు కట్టుకుని దిగాడు. రెండు అప్పటికే పోయాయి. ఒకటి నా చీర కొంగులో పోయింది, తెల్లారుజామున. నాలుగోది మాత్రం బతికింది, జున్నుముక్కలా ఉందని జున్ను అని పిలిచాం, వేడినీళ్ళ సీసాకి టవల్ చుట్టి పక్కన పెట్టి, మూడు గంటలకోసారి సిరంజితో పాలు పట్టి, మూడో ఫ్లోర్ పిన్నిగారు పగలూ నేను రాత్రీ చూసుకుని నెలన్నర సాకాం. ఇప్పుడది వరంగల్‌లో ఒక టీచరమ్మ ఇంట్లో ఉంది, మొన్న ఫోటో పంపారు, కిటికీలో కూర్చుని ఉంది. మిగతా మూడింటినీ మన వెనక ప్రహరీ దగ్గర కానుగచెట్టు కింద పాతిపెట్టాం.

ఇది ఎవరినీ నిందించడానికి చెప్పట్లేదు. ఆ రోజు చెయ్యెత్తిన వాళ్ళలో ఒక్కరికి కూడా డక్ట్‌లో కూనలున్నాయని తెలిస్తే ఆ పని చెయ్యనిచ్చేవాళ్ళు కాదు, నాకు తెలుసు. తెలీకుండా జరిగింది. కానీ ఈసారి తెలిసి జరగకూడదు కదా, ఇప్పుడు కూడా సెల్లార్‌లో ఒకటి కడుపుతో ఉంది, ఇంకొకటి పాలిస్తుంది, పిల్లలు ఎక్కడున్నాయో మేము ఇంకా కనిపెట్టలేదు.

సరే, జాలి సంగతి పక్కన పెట్టి లెక్కే చూద్దాం. ఆరు పోయాయి కదా, ఆ తర్వాత ఏమయ్యింది? ఒక నెల నిశ్శబ్దంగా ఉంది, ఆ నెలలోనే పందికొక్కులు ట్రాన్స్‌ఫార్మర్ వెనకాల గోతులు తవ్వాయి, ఇద్దరి కార్లలో వైర్లు కొరికేసాయి, అది అందరికీ గుర్తుంది. ఆగస్టు వచ్చేసరికి ఎక్కడినుంచో ఒక పెద్ద గండుపిల్లి వచ్చింది, దాని వెనక రెండు ఆడవి, దీపావళికి నేనూ పిన్నిగారూ కూర్చుని లెక్కపెడితే పదకొండు. ఆరు పోయి పదకొండు వచ్చాయి. ఇది మన దురదృష్టం కాదు, పిల్లుల పద్ధతే అంత. ఒక చోట తిండి ఉండి, దాక్కోవడానికి జాగా ఉంటే అక్కడ ఎన్ని బతకగలవో అన్ని పిల్లులు ఉంటాయి, ఉన్నవాటిని తీసేస్తే ఆ ఖాళీ చూసి పక్క వీధిలోవి వచ్చేస్తాయి, వచ్చినవి పిల్లల్ని పెడతాయి. మన చెత్త గది తలుపు ఎప్పుడూ తెరిచే ఉంటుంది, ఆదివారం ఆదివారం చికెన్ కవర్లు పొంగిపోర్లుతుంటాయి, సెల్లార్‌లో పాత సోఫాలు, అట్టపెట్టెలు, అంతకంటే పిల్లికి ఇంకేం కావాలి చెప్పండి. వల తెచ్చినవాడికి ప్రతి ఏడాదీ రెండొందలు కడుతూ ఉండాల్సిందే, అవి వస్తూనే ఉంటాయి.

వీటి సంతానం ఎంత త్వరగా పెరుగుతుందో కూడా చాలామందికి తెలీదు. ఆడపిల్లి నాలుగైదు నెలలకే ఎదకొస్తుంది, అంటే మనకింకా కూనలాగే కనపడుతుంది, అప్పటికే కడుపు. మోసేది రెండు నెలలు, అరవై మూడు అరవై ఐదు రోజులు, ఈతకి మూడు నుంచి ఐదు పెడుతుంది, ఆ పిల్లలు ఇంకా పాలు తాగుతుండగానే మళ్ళీ కట్టొచ్చు. చలి దేశాల్లో అయితే శీతాకాలం కొంచెం గ్యాప్ ఉంటుంది, మన ఎండలకి ఏడాదిలో ఎక్కువ కాలం ఇదే పని. పుట్టినవాటిలో చాలావరకు ఆరు నెలలు కూడా నిండకుండానే పోతాయి, కారు కింద పడో, కుక్కలు పట్టో, వానలో తడిసో, ఎక్కువగా కుక్కలకొచ్చే పార్వో లాంటి జబ్బొచ్చో. దాన్ని పాన్‌ల్యూకోపీనియా అంటారు, వాంతులూ విరేచనాలూ మొదలైతే రెండు మూడు రోజుల్లో కూన చేతిలోనే చల్లబడిపోతుంది, ఆ వైరస్ నేల మీద ఏడాది దాకా కూడా బతికుంటుంది, మామూలు ఫినాయిల్‌కి పోదు, బ్లీచింగ్‌తో కడగాలి. కిందటి వానాకాలం మన సెల్లార్‌లో వారంలో నాలుగు పోయాయి, మూటకట్టి బయట పడేసింది స్వీపరమ్మే, ఆవిడ కూడా ఏడ్చింది.

మరి మేము అడిగేది ఏంటంటే, పిల్లుల్ని ఇక్కడినుంచి తీసెయ్యడం కాదు, ఇక్కడ పుట్టకుండా చెయ్యడం. పట్టుకోవడం, ఆపరేషన్ చేయించి రేబీస్ ఇంజెక్షన్ వేయించడం, కోలుకున్నాక ఎక్కడ పట్టామో అక్కడే వదలడం. దీన్ని ఇంగ్లీషులో టీఎన్ఆర్ (ట్రాప్, న్యూటర్, రిటర్న్) అంటారు, మన దగ్గర వీధికుక్కలకి జీహెచ్ఎంసీ వాళ్ళు చేసేది కూడా ఇదే పద్ధతి. ఉన్న పిల్లులు ఉంటాయి కాబట్టి కొత్తవి రానివ్వవు, వీటికి పిల్లలు పుట్టవు కాబట్టి ఏళ్ళు గడిచేకొద్దీ లెక్క తగ్గుతుంది. కాకపోతే ఒకటి రెండింటికి చేసి ఊరుకుంటే లాభం లేదు, పదింటిలో ఏడెనిమిదింటికైనా చెయ్యాలి, అది నేనూ పిన్నిగారూ సీ బ్లాక్ బాబూ ముగ్గురి వల్లే అయ్యే పని కాదు, అందుకే మీరు కూడా రావాలి అంటున్నా.

ఎలా పడతారని మీటింగ్ అయ్యాక ఒకరు అడిగారు. ఎలుకల బోను లాంటిదే, పెద్దది, లోపల పలక మీద కాలు పెడితే తలుపు పడిపోద్ది. ముందు రోజు సాయంత్రం తిండి పెట్టకుండా ఆపుతాం, ఆ రాత్రి బోనులో చివరన నెత్తళ్ళు వేయించి పెడతాం, ఆ వాసనకి ఎంత మొండి పిల్లైనా వస్తుంది, కాస్త ఓపికుండాలి అంతే. తలుపు పడగానే అది గిలగిల్లాడుతుంది, చూడ్డానికి కష్టంగా ఉంటుంది, వెంటనే పాత దుప్పటి కప్పేస్తే చీకటికి రెండు నిమిషాల్లో సర్దుకుంటుంది. పొద్దున్నే డాక్టర్ దగ్గరికి. మత్తులో ఉండగానే ఎడమ చెవి కొనని సెంటీమీటర్ పాటి కోస్తారు, నొప్పి తెలీదు, రక్తం వెంటనే ఆగిపోద్ది, ఆ చెవి చూస్తే దీనికి ఆపరేషన్ అయిపోయింది మళ్ళీ పట్టనక్కర్లేదు అని దూరం నుంచే ఎవరికైనా తెలుస్తుంది. మగదాన్ని ఒకట్రెండు రోజులుంచి వదలొచ్చు, ఆడదానికి కడుపు కోస్తారు కాబట్టి నాలుగైదు రోజులు పొడిగా, శుభ్రంగా ఉండే చోట ఉంచాలి. ఆ చోటే మాకు లేదు. ఇప్పటిదాకా చేయించిన మూడింటినీ మా వర్క్ ఏరియాలో ఉంచా, మావారికి ఆస్తమా, రాత్రంతా దగ్గు, అయినా ఒక్క మాట అనలేదు, కానీ మిగతా ఎనిమిదింటికీ అలా చెయ్యలేను.

ఆ మూడింటిలో ఆ గండుపిల్లి కూడా ఉంది, బూడిదోడు. రాత్రి రెండింటికి సెల్లార్‌లో పసిపిల్లలు ఏడ్చినట్టు అరుపులు, టైర్ల మీద ఘాటు వాసన, రోజూ యుద్ధాలు, వాడి వల్లే సగం కంప్లైంట్లు వచ్చాయి. ఆపరేషన్ అయిన వెంటనే మారలేదు, ఒంట్లో ఆ హార్మోన్ తగ్గడానికి కొన్ని వారాలు పట్టింది, ఇప్పుడు వాడు ఎక్కడ ఉంటాడో తెలుసా, సెక్రటరీ గారి స్కూటర్ సీటు మీద. మీరు రోజూ పొద్దున్నే తట్టి లేపుతారే, ఆ పిల్లే అది, చెవి చూడండి రేపు.

ఇంక ఇళ్ళు వెతికే సంగతి. అన్నీ ఎవరికైనా ఇచ్చెయ్యొచ్చు కదా, పెంచుకునేవాళ్ళు బోలెడుమంది ఉన్నారు కదా అని ఒకరన్నారు. అన్నీ ఇవ్వలేం. పిల్లి మనిషికి అలవాటుపడే వయసు ఒకటుంటుంది, పుట్టిన రెండో వారం నుంచి ఏడో వారం దాకా, ఆ టైమ్‌లో మనిషి చెయ్యి తగిలి, మాట విని, ఒళ్ళో తిండి తిన్న కూన జీవితాంతం మనిషిని నమ్ముతుంది. ఆ టైమ్ దాటి రెండు మూడు నెలలు బయటే పెరిగితే మచ్చిక చెయ్యడం చాలా కష్టం, ఇంక ఏళ్ళ తరబడి మనిషిని తప్పించుకుని బతికిన పెద్ద పిల్లిని నాలుగు గోడల మధ్య పెడితే మంచం కింద దూరి తిండి మానేస్తుంది, దానికది జైలే. దాని ఇల్లు సెల్లారే. అందుకని మేము రెండుగా చూస్తాం: ఒకప్పుడు ఎవరింట్లోనో ఉండి రోడ్డున పడ్డవీ, చిన్న కూనలూ ఇళ్ళకి, మనిషి చెయ్యి తగలని పెద్దవి ఆపరేషన్ అయ్యాక తిరిగి వాటి చోటికి.

రోడ్డున పడ్డవి అంటే గుర్తొచ్చింది, సంక్రాంతికి ఫ్లాట్ ఖాళీ చేసి వెళ్ళినవాళ్ళు పర్షియన్ పిల్లిని వదిలేసి వెళ్ళారు, పేరు చెప్పను, వాళ్ళకేం కష్టమొచ్చిందో. వేలు పోసి కొన్న పిల్లి, పుట్టాక ఒక్కసారి కూడా గడప దాటనిది, మిగతావాటిలా వేటాడ్డం రాదు, కొట్లాడ్డం రాదు, ఎవరి కారు సౌండ్ విన్నా పరిగెత్తుకుంటూ వచ్చేది తనవాళ్ళేమోనని. పది రోజుల్లో జుట్టు మొత్తం అట్టలు కట్టేసింది, కింద చర్మం పుండ్లు. గుండు గీయించాల్సొచ్చింది. దానికి ఇల్లు దొరకడానికి రెండు నెలలు పట్టింది, తార్నాకలో ఒక రిటైర్డ్ దంపతులు తీసుకున్నారు. ఆ ఆంటీ నాతో, మా ఇంట్లో ఇంతకాలం టీవీ చప్పుడు తప్ప ఏమీ లేదమ్మా, ఇప్పుడు ఇది గురగుర అంటుంటే ఆ టీవీ కూడా ఆపేస్తున్నాం అన్నారు. దయచేసి ఇల్లు మారేవాళ్ళు ఎవరైనా ఉంటే, పెంచుకోలేకపోతే, ఒక నెల ముందు మాకు చెప్పండి, తిట్టం, కారణం అడగం, ఇల్లు వెతుకుతాం.

కూనల్ని ఇచ్చేటప్పుడు మేము గట్టిగానే ఉంటాం, దానికి కొంతమందికి కోపం వచ్చింది కూడా. పాప బర్త్‌డేకి సర్‌ప్రైజ్ గిఫ్ట్ అంటే ఇవ్వం. ఎలుకలు పట్టడానికి గోడౌన్‌లో వదులుతాం అంటే ఇవ్వం. ఇంట్లో అందరూ ఒప్పుకున్నారా అని ఫోన్లో అందరితో మాట్లాడతాం, బాల్కనీకి మెష్ ఉందో లేదో వెళ్ళి చూస్తాం, ఐదో ఫ్లోర్ నుంచి పావురం కోసం దూకి నడుము విరిగిన పిల్లిని చూసాక ఆ విషయంలో మొహమాటపడట్లేదు. ఎనిమిది వారాలు నిండేదాకా తల్లి దగ్గర్నుంచి తియ్యం, పిల్లులకేసే ట్రిక్యాట్ టీకా మొదటి డోసు వేయించాకే ఇస్తాం, మూడు నాలుగు వారాలకి బూస్టర్, మూడు నెలలకి రేబీస్, ఆరో నెల లోపు ఆపరేషన్ చేయిస్తామని కాగితం మీద సంతకం. వీలైతే రెండేసి కలిపి ఇస్తాం, ఒంటరి కూన మనుషుల చేతుల్నీ కాళ్ళనీ కొరికి ఆడుకుంటుంది, జత ఉంటే వాటిలో అవే ఆడుకుంటాయి.

నల్లవాటికి మాత్రం ఇళ్ళు దొరకవు. మూడు నెలలుగా మా ఇంట్లో ఒక నల్ల కూన ఉంది, కాటుక అని పేరు, దానంత నెమ్మదైన పిల్లిని నేను చూడలేదు, ఎంతమంది వచ్చి చూసినా పక్కనున్న నారింజదాన్నే ఎత్తుకుంటారు. బీ బ్లాక్ అంకుల్ గారు పొద్దున్నే పనిమీద బయలుదేరేటప్పుడు పిల్లి ఎదురొస్తే వెనక్కి వెళ్ళి కాసేపు కూర్చుని మంచినీళ్ళు తాగి వస్తారు, పెద్దవారు, ఆ నమ్మకాన్ని నేను తప్పుపట్టను, మా నాన్నగారు కూడా అంతే. అందుకే తిండి పెట్టే చోటు గేటు దారిలో లేకుండా వెనక్కి మారుద్దాం అంటున్నా, ఆయనకీ ఇబ్బంది ఉండదు వాటికీ ఉండదు.

ఇంకో చిన్న మాట, కూనలు ఒంటరిగా కనపడగానే పాపం అని ఎత్తుకొచ్చెయ్యకండి. పిల్లి పిల్లల్ని ఏడిళ్ళు తిప్పుతుందని మన పెద్దవాళ్ళు ఊరికే అనలేదు, ఒక్కోదాన్ని నోట కరుచుకుని మారుస్తుంటుంది, మీరు చూసే టైమ్‌కి ఒకటి ఇక్కడ ఉండి మూడు అక్కడికి చేరి ఉండొచ్చు. దూరంగా నిలబడి కొన్ని గంటలు చూడండి. ఒళ్ళు చల్లగా ఉండి, ఆగకుండా అరుస్తుంటే అప్పుడు తియ్యండి, ముందు వెచ్చబెట్టాలి, చల్లబడిన కూనకి పాలు పడితే అరగక చచ్చిపోద్ది. ఆవుపాలు, ప్యాకెట్ పాలు వద్దు, విరేచనాలవుతాయి, పిల్లికూనల పాలపొడి మెడికల్ షాపుల్లో కాకపోయినా పెట్ షాపుల్లో దొరుకుతుంది. మనం వేసుకునే జ్వరం మాత్ర పారాసిటమాల్ మాత్రం ఎట్టి పరిస్థితుల్లో వెయ్యకండి, పిల్లికి అది విషం, సగం మాత్రకే ప్రాణం పోతుంది.

మీ ఇబ్బందులు అబద్ధం అని నేను అనను. పూలకుండీల్లో దొడ్డికి పోతున్నాయి, నిజం. కార్ల మీద గోళ్ళ గీతలు, నిజం. పావురాల్నీ ఉడతల్నీ చంపుతాయి, అది కూడా నిజమే, ఉడతపిల్లని పట్టుకున్నప్పుడు నేను కూడా రెండ్రోజులు అన్నం సరిగ్గా తినలేదు, పిల్లులు తక్కువైతే అవి చంపేవీ తక్కువవుతాయి అన్నదే నా దగ్గరున్న సమాధానం. జనరేటర్ వెనకాల రెండు పాత కూరగాయల క్రేట్లలో ఇసుక పోసి పెడితే కుండీల జోలికి రావు, పిల్లికి పూడ్చుకోవడానికి మెత్తటి చోటు కావాలి అంతే, రోజూ ఎత్తిపోసే పని మాది. డక్ట్ తలుపులకీ లిఫ్ట్ గుంత వైపు సందుకీ జాలీ కొట్టిస్తే లోపల ఈనవు. చలికాలంలో కారు స్టార్ట్ చేసేముందు బానెట్ మీద ఒక్కసారి కొట్టండి, వెచ్చదనానికి ఇంజిన్లోకి దూరుతాయి.

సీ బ్లాక్ ఆంటీ గారి అమ్మాయి పురిటికి వచ్చింది, పిల్లుల వల్ల కడుపులో బిడ్డకి ప్రమాదం అంట కదా అని భయపడుతున్నారు. భయం సహజం, టాక్సోప్లాస్మా అనే పరాన్నజీవి ఉన్నమాట వాస్తవం, కానీ అది పిల్లి పక్కనుంచి పోతే రాదు, ముట్టుకున్నా రాదు. జబ్బు సోకిన పిల్లి కొద్దివారాలే దాన్ని మలంలో వదులుతుంది, ఆ మలం కూడా రోజు పైనే నిలవుంటేనే అంటుకునే స్థితికి వస్తుంది. గర్భిణీలు కుండీల మట్టి చేత్తో తవ్వకుండా, మాంసం బాగా ఉడికించి, కూరలు కడుక్కుని తింటే చాలావరకు సరిపోద్ది, డాక్టరమ్మని కూడా ఒకసారి అడగమనండి. రేబీస్ సంగతి మాత్రం నేను కూడా తేలిగ్గా తీసుకోను. పిల్లి కరిచినా గీరినా పదిహేను నిమిషాలు సబ్బుతో కుళాయి కింద కడిగి అదే రోజు ఇంజెక్షన్‌కి వెళ్ళాలి, నారాయణగూడలో ఉన్న ప్రభుత్వ సంస్థ ఐపీఎంలో వేస్తారు, నేను రెండుసార్లు వెళ్ళి కోర్సు వేయించుకున్నా. ఆపరేషన్‌తోపాటే రేబీస్ టీకా పడిన పిల్లులు మన సెల్లార్‌లో ఉండటం మన పిల్లలకి మంచిదా, ఏ టీకా లేని కొత్త పిల్లులు ప్రతి ఏడాదీ వచ్చిపోవడం మంచిదా, మీరే ఆలోచించండి.

చట్టం ఊసు ఎత్తితే బెదిరిస్తున్నానని అనుకుంటారేమో అని వెనకాడా, కానీ రిజల్యూషన్ కింద మీ సంతకాలుంటాయి కాబట్టి చెప్పాలి. తిండీ నీళ్ళూ లేక అల్లాడే చోట జంతువుని వదిలెయ్యడం 1960 నాటి జంతు హింస నిరోధక చట్టం 11వ సెక్షన్ ప్రకారం నేరం. చంపినా, కాళ్ళూ చేతులూ పోయేలా చేసినా భారతీయ న్యాయ సంహిత 325 కింద ఐదేళ్ళ దాకా శిక్ష. 2023లో వచ్చిన యానిమల్ బర్త్ కంట్రోల్ రూల్స్‌లో 20వ రూల్ అయితే ఏకంగా అసోసియేషన్ గురించే, ఆవరణలో ఉండే కమ్యూనిటీ జంతువులకి తిండి పెట్టే ఏర్పాటు అపార్ట్‌మెంట్ అసోసియేషనే చూడాలి, పిల్లలు ఆడుకునే చోటికీ గేట్లకీ మెట్లకీ దూరంగా, పెద్దవాళ్ళూ పిల్లలూ తిరగని టైమ్‌లో పెట్టాలి, పెట్టేవాళ్ళు చెత్త చెయ్యకూడదు అని ఉంది. మా మీద కూడా బాధ్యత పెట్టింది చూసారా, అది న్యాయమే, నేను ఒప్పుకుంటా, మెట్ల మీద పెరుగన్నం పెట్టి వెళ్ళిపోతున్న వాళ్ళెవరో నాకు తెలుసు, నేను మాట్లాడతా. 2020 లాక్‌డౌన్‌లో కేరళలో ఒకాయన తన మూడు పిల్లులకి బిస్కెట్లు కొనడానికి బయటికెళ్ళాలి, పాస్ ఇవ్వట్లేదని హైకోర్టుకి వెళ్తే కోర్టు ఒప్పుకుని పంపింది. అంత గడ్డు రోజుల్లో కూడా ఒక కోర్టు పిల్లుల తిండి గురించి కూర్చుని విన్నది అని చదివినప్పుడు నాకు చాలా ధైర్యం వచ్చింది.

ఇప్పుడు మేము అడిగేది సూటిగా చెప్తా. పట్టేవాళ్ళని పిలిచే రిజల్యూషన్ నాలుగు నెలలు ఆపండి. పాత జనరేటర్ రూమ్ ఖాళీగానే ఉంది, ఆపరేషన్ అయినవాటిని ఉంచుకోవడానికి ఆ నాలుగు నెలలకి ఇవ్వండి, తర్వాత సున్నం వేయించి అప్పజెప్తాం. ట్రాన్స్‌ఫార్మర్ అవతల మూల ఒక్కటే తిండి పెట్టే చోటు, రాత్రి తొమ్మిది తర్వాత ఒక్కపూట, అరగంటలో గిన్నెలు తీసేస్తాం. చెత్త గదికి తలుపు సరిచేయించండి, అది పిల్లులు లేకపోయినా చేయించాల్సిందే. డబ్బు సంగతి, మేము ఇప్పటిదాకా వెళ్ళిన చోట ఆడదానికి రెండున్నర వేలు, మగదానికి పదిహేను వందలు తీసుకున్నారు, పట్టేవాళ్ళకి ఇద్దాం అనుకున్న ఆ రెండొందలే ఫ్లాట్‌కి వేస్తే మిగిలిన ఎనిమిదింటికీ సరిపోయి టీకాలకి కూడా మిగులుతుంది. ఇవ్వడం ఇష్టం లేనివాళ్ళని అడగం. ప్రతి రూపాయి బిల్లు నోటీస్ బోర్డు మీద పెడతాం, ఏ పిల్లికి ఎప్పుడు అయ్యింది, ఎక్కడికి వెళ్ళింది ఫోటోతో సహా. పాలిచ్చే తల్లిని మాత్రం పిల్లలు ఆరేడు వారాలయ్యేదాకా పట్టం, దానికోసమే నాలుగు నెలలు అడుగుతున్నా, లేకపోతే రెండు చాలు.

నాలుగు నెలలయ్యాక కూడా రాత్రి అరుపులు, కొత్త కూనలు ఇలాగే ఉంటే నేనే మీటింగ్‌లో లేచి చెప్తా మా వల్ల కాలేదని, అప్పుడు ఇంకో దారి కలిసి వెతుకుదాం, అప్పుడు కూడా గోనెసంచి మాత్రం ఒప్పుకోను.

బోను దొరికింది, తెలిసినవాళ్ళ దగ్గర అరువు తెచ్చాం, ఈ విడతలో శనివారం రాత్రి మొదటిసారి పెడదాం అనుకుంటున్నాం, సోమవారం డాక్టర్ గారు రెండు పిల్లులకి టైమ్ ఇచ్చారు. జనరేటర్ రూమ్ తాళంచెవి సెక్రటరీ గారి దగ్గరే ఉంది. గురువారం లోపు ఇస్తే శుక్రవారం బ్లీచింగ్‌తో కడిగి ఆరబెట్టుకుంటాం, బకెట్లు మావే తెచ్చుకుంటాం. శనివారం తొమ్మిదింటికి మీలో ఎవరైనా ఒక్కరు కిందికి రండి, దుప్పటి కప్పడానికి ఇంకో చెయ్యి కావాలి.

ఇట్లు,
ఏ బ్లాక్ రెండో ఫ్లోర్ నుంచి, పిన్నిగారి తరఫున, సీ బ్లాక్ బాబు తరఫున కూడా